‘పైన ఖాళీయేనా?’ అని అడిగే నెవిల్ గారు

“తడి నిచ్చెన, ఈ గాలి... జారితే ఏమైపోతాడమ్మా ఈ మనిషి!”

1986 మార్చి మూడవ తేదీన, అక్రింగ్టన్‌లోని మన కిటికీల శుభ్రత సంస్థలో ఉద్యోగప్రవేశం చేసిన శ్రీ నెవిల్ హార్‌గ్రీవ్స్ గారు మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే, ఆఫీసులో ఫోను చూసుకునే గ్లెనిస్ నోట వెలువడిన మాట అది. వారి పదవీ విరమణ సందర్భంగా ఈ నాలుగు వాక్యాలు కూర్చిందీ, ఈనాటికీ ఆ భయం వదలనిదీ ఆమే.

నిచ్చెనల కాలంలో పని జంటగా సాగేది. పైకెక్కే ముందు నెవిల్ గారు “పట్టుకున్నావా?” అని అడగడం, కింద నిచ్చెనకు కాలు అడ్డుపెట్టి నిలబడిన బెర్నార్డ్ గారు “లేదు, నిద్రపోతున్నా! ఎక్కవయ్యా మగడా” అని కసరడం, ఆ వీధులన్నిటికీ అలవాటైన సంభాషణ. ఆ ఇద్దరి మాటలూ టీ తాగేదాకా తెగేవి కావు.

తరువాత నీళ్ల కర్రలు వచ్చాయి. కొసన కుంచె, లోపల నీటి గొట్టం ఉన్న పొడవాటి కర్రతో నేల మీద నిలబడే మేడ కిటికీలు కడగవచ్చు గనుక, ఇక ఎవరూ పడరని గ్లెనిస్ అందరికన్నా ఎక్కువ సంతోషించింది. కానీ తీగలకు తగిలితే ఆ కర్ర కరెంటును లాగుతుందని తెలిశాక ఆమెకు మళ్లీ నిద్ర లేదు. పైగా ఒక్కొక్క ఇంటికి ఒక్క మనిషే సరిపోయేవాడు. బెర్నార్డ్ గారు పని మానుకొని, మరుసటి చలికాలంలోనే కన్నుమూశారు.

అప్పటినుంచి నెవిల్ గారు ఒంటరిగానే వ్యాను తోలుకొని, ఒంటరిగానే రొట్టె తిని, దారిన పోయేవారి కాళ్లకు అడ్డం రాకుండా గొట్టాన్ని గోడవారగా పరిచి, హెచ్చరిక పలక నిలబెట్టి, కర్ర ఎత్తే ముందు మాత్రం పైకి చూసి అడిగేవారు: “పైన ఖాళీయేనా?” జవాబు కోసం కాసేపు ఆగేవారు. ఆ ఆగడంలోనే తీగలు చూసుకొనేవారు, గాలి చూసుకొనేవారు. జవాబు వచ్చేది కాదు.

గ్లెనిస్ కుమారుడు క్రెయిగ్ పని నేర్చుకోవడానికి వారి వెంట చేరాక ఇది విని, “ఎవర్ని నెవిల్ గారూ, దేవదూతల్నా?” అని నవ్వేవాడు.

ఈ మధ్యే ఊరి చివర ఒక పాడిరైతు ఇంట, ముందు కిటికీలు ముగించిన క్రెయిగ్, కర్ర ముడిచి మళ్లీ సాచే శ్రమ ఎవడు పడతాడని, నిలువుగానే పట్టుకొని ఇంటి పక్కకు నడిచాడు. “ఒరేయ్, కదలకు!” అన్న నెవిల్ గారి కేకకు ఆగిపోయాడు. కరెంటు తీగకూ కుంచెకూ మధ్య జానెడు జాగా. నెవిల్ గారు తిట్టలేదు. కర్రను మెల్లగా వెనక్కి వాల్చి, ముడిచి, నేల మీద పడుకోబెట్టారు.

“మీ అమ్మకి నేనేం చెప్పుకోవాలిరా?” అన్నారు. అంతే.

ఆ రాత్రి గ్లెనిస్ ఇది కొడుకు నోట విన్నది. మర్నాడు ఆమె నెవిల్ గారిని అడిగింది: “మీరూ వెళ్లిపోతే వాణ్ణి ఎవరు చూస్తారండీ?”

“వాడే చూసుకోవాలి గ్లెనిస్. పైకి,” అన్నారు నెవిల్ గారు.

పోయిన శుక్రవారం వారి చివరి ఇల్లు. కేకు తెచ్చాననే నెపంతో గ్లెనిస్ కూడా వెళ్లి గేటు దగ్గర నిలబడింది. అవతలి గోడ దగ్గర క్రెయిగ్ తన గొట్టం చుడుతున్నాడు. నెవిల్ గారు కర్ర మీద చెయ్యి వేసి, ఎప్పటిలాగే అడిగారు.

“పైన ఖాళీయేనా?”

శ్రీ నెవిల్ హార్‌గ్రీవ్స్ గారు ఆయురారోగ్యాలతో, నొప్పిలేని మెడతో, నిండు నూరేళ్లు చల్లగా ఉండాలనీ, వారు అడిగినప్పుడు పలికే మనిషి ఒకరు ఎప్పుడూ దగ్గర ఉండాలనీ గ్లెనిస్ కోరుకున్నది అప్పుడే. సంస్థ తరఫున అందరి కోరికా అదే.

క్రెయిగ్ గొట్టం కింద పెట్టాడు. తలెత్తి ఈ చివరినుంచి ఆ చివరికి ఆకాశమంతా చూశాడు.

“ఖాళీయే నెవిల్ గారూ. తీగల్లేవు, గాలీ లేదు. ఎత్తండి.”