పెట్టె మీద పేరు

లైప్‌జిగ్ నగరం. పాత నాలుగంతస్తుల ఇల్లు. కింద మెట్ల పక్కన, గోడకు ఉత్తరాల పెట్టెలు. వాటి ముందు ఇద్దరు ఆడవాళ్ళు. గురువారం, ఉదయం పదిన్నర దాటింది.

"ఆ స్క్రూడ్రైవర్ కింద పెట్టు తమూనా."

"ఒక్క నిమిషం బేన్కె గారూ. ఈ రేకు తీసి నా పేరు చీటీ లోపల పెడతా, అంతే."

"కింద పెట్టమన్నానా? ఇది ఎవరి పెట్టె?"

"మీదే. మీ ఇంట్లో అద్దెకుంటున్నాను కదండీ, నాకూ ఇదేగా పెట్టె."

"బిల్డింగు మేనేజరుని అడగాలి. అచ్చు వేయించి వాళ్ళే పెడతారు. ఇక్కడ అందరివీ ఒకేలా ఉండాలి."

"మే నెల నుంచి అదే చెప్తున్నారు. ఇప్పుడు జూలై."

"అడుగుతానన్నాను కదా."

"పోస్టాయన వీధి మూలకి వచ్చేశాడు. పై అంతస్తు నుంచి పసుపు సైకిల్ కనిపించింది. పదకొండుకి నా ట్రాము. పేరు లేదని ఈ ఉత్తరాన్ని కూడా వెనక్కి తీసుకుపోతే..."

"పోస్టు తెచ్చే సిల్కె నిన్నెరుగును. వేసి పోతుంది."

"ఎరిగితే మొదటి ఉత్తరం ఎందుకు వెయ్యలేదు?"

"నన్నడిగితే? ఆమెకి రోజుకి వెయ్యి కవర్లు."

"అయినా సిల్కె సెలవులో ఉంది. ఈయన కొత్త. పేరు చూస్తేనే వేస్తాడు. మా ఊరు కుతాయిసిలో తలుపుకి నంబరుంటుంది. ఆ నంబరు రాస్తే చాలు, ఎవరి ఉత్తరమైనా చేరుతుంది. ఇక్కడా అంతే అనుకుని వీసా ఆఫీసులో మూడో అంతస్తు, ఏడో నంబరు అని రాసిచ్చా. ఏడో నంబరంటే ఎవరికీ తెలీదట. పేరే చిరునామా అట."

"ముందే నన్నడగాల్సింది."

"ముందే ఏం తెలుస్తుందండీ? ఆదివారం సీసాలు డబ్బాలో వెయ్యకూడదని వేశాకే తెలిసింది. రోడ్డు మీద పిట్ట లేకపోయినా ఎర్ర దీపానికి ఆగాలని ఎవరో ముసలాయన తిట్టాకే తెలిసింది."

"తిట్టాడా? మంచి పని చేశాడు."

"నవ్వులాట కాదండీ. సోమవారం ఫోన్ చేస్తే వీసా ఆఫీసావిడ ఏమందో చెప్పాగా. మా పాప కేతోని ఇక్కడికి తెచ్చుకునే సంగతి మాట్లాడ్డానికి నాకు తేదీ ఇచ్చారట. అది ఉత్తరంలో ఉందట. ఫోన్లో చెప్పరట. నకలు పంపుతాం, ముందు పెట్టె మీద పేరు పెట్టుకో, ఆ రోజు నువ్వు రాకపోతే ఫైలు మూసేస్తాం అంది. మూసేస్తే మళ్ళీ మొదట్నుంచి, ఇంకో ఏడాది. ఆగస్టులో బడి. ఎనిమిదేళ్ళ పిల్ల, మా అక్క దగ్గర రోజూ..."

"తెలుసు. వందసార్లు చెప్పావు."

"మరి జరగండి."

"చోటేదీ? రెండు వరసలే పడతాయి, చూడు. రోజ్‌విటా బేన్కె, నేను. ఫాల్క్ బేన్కె, మా వాడు. నిండిపోయింది."

"మీ అబ్బాయి పేరు కొన్నాళ్ళు తీస్తే..."

"తియ్యను."

"పారేయమనట్లేదండీ."

"వాడికి ఉత్తరాలొస్తాయి."

"ఈ మూడు నెలల్లో ఒక్కటీ రాలేదు."

"రోటర్‌డామ్‌లో ఉన్నాడని చెప్పానుగా. ఓడరేవులో పని. ఎప్పుడొస్తాడో వాడికే తెలీదు. వచ్చేసరికి పెట్టె మీద ఇంకొకరి పేరుంటే ఏమనుకుంటాడు?"

"పోనీ, పెట్టె పైన అంటిస్తా. టేపు తెచ్చా."

"మేనేజరు చింపేస్తాడు. రెండో అంతస్తు వాళ్ళది చింపాడు."

"సాయంత్రం చింపుకోమనండి. పోస్టాయన వచ్చి పోయేదాకా ఉంటే చాలు నాకు."

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"వద్దంటే వద్దు."

"గది కోసమా?"

"ఏ గది?"

"ఆ మూసి ఉన్న చిన్న గది. పాప వస్తే ఇస్తానన్నారు. నేనడగలేదు, మీరే అన్నారు. మేలో సర్దుతానన్నారు. జూన్‌లో అన్నారు. తలుపు దాకా వెళ్తారు, వెనక్కి వస్తారు. నేను చూడట్లేదనుకుంటారు."

"సర్దుతాను. అట్టపెట్టెలు దొరకలేదు."

"బేన్కె గారూ... నాకు తెలుసండీ."

"ఏం తెలుసు?"

"మొన్న జూన్‌లో ఒక ఆదివారం ఊరు చూద్దామని బయల్దేరా. మీరే అన్నారు, ఇంట్లో కూర్చోకు, తిరిగి చూడు అని. దక్షిణం వైపు పెద్ద పార్కు కనిపించింది. చెట్లు, బెంచీలు, కుళాయి దగ్గర మొక్కలకి నీళ్ళు పోసే పచ్చ డబ్బాలు. జనం పిల్లల బళ్ళు తోసుకుంటూ తిరుగుతున్నారు. చాలా లోపలికి వెళ్ళాక గానీ సమాధి రాళ్ళు కంటపడలేదు. ఫాల్క్ గారి రాయి చూశాను. పేరు చదివాను. మొక్కకి అప్పుడే ఎవరో నీళ్ళు పోశారు, మట్టి తడిగా ఉంది."

"తెలిసీ... పోయిన వారం కూడా అడిగావు నన్ను. రోటర్‌డామ్‌లో వానలట, ఫాల్క్ ఎలా ఉన్నాడని."

"మీకు చెప్పాలనిపిస్తే చెప్తారనుకున్నా."

"ఈ వీధిలో అందరికీ తెలుసు. బేకరీలో తెలుసు, మందుల షాపులో తెలుసు. తెలియనిదానివి నువ్వొక్కదానివే దొరికావు. నీతో మాట్లాడేటప్పుడు వాడు రోటర్‌డామ్‌లో ఉండేవాడు."

"అయ్యో, నేను..."

"అయ్యో అనకు. ఆ స్క్రూడ్రైవర్ ఇటివ్వు."

"నేను తీస్తా లెండి."

"నాకివ్వు అంటున్నా. నా చేత్తో తీస్తాను."

"మెల్లిగా. వేలు జాగ్రత్త."

"వచ్చేసింది. నీ చీటీ ఏది? ఇదేం పేరమ్మాయ్, గూడ్సుబండిలా?"

"మ్చెద్లిష్విలి. మా ఊళ్ళో ఇది పొట్టి పేరు."

"అంచు మడవాలి. పట్టుకో... ఆఁ. ఇప్పుడు గుమ్మం దగ్గరికి వెళ్ళి చూడు, చదవొస్తోందా?"

"వస్తోంది. బాగా వస్తోంది. ఫాల్క్ గారి చీటీ?"

"నా దగ్గరుండనీ."

"అదుగో, పోస్టాయన! నమస్తేనండీ... అవును, అవును, ఆ పేరు నాదే... అంతేనా? ఇంకేం లేదా? బాగా చూశారా?... సరే."

"ఏమన్నాడు?"

"కరెంటు బిల్లు, మీదే. ఇంకేదో ప్రకటన. నాకేం లేదట."

"లేదా?"

"పోనీ లెండి. రేపు వస్తుంది, లేకపోతే శనివారం. ఇప్పుడు పేరుందిగా, ఇక ఎక్కడికీ పోదు. తేదీ చూసుకుని పనిలో సెలవు అడుగుతా. వస్తానండీ, ట్రాము వెళ్ళిపోతుంది."

"తమూనా."

"ఆఁ?"

"సెలవు ఇవాళే అడుగు."

"ఎప్పటికి?"

"రేపటికి."

"రేపటికా? రేపేముంది?"

"మొదటి ఉత్తరంలో పదింటికి రమ్మన్నారు. పాప ఫోటోలు రెండు తెమ్మన్నారు."