మూడొందల రోజుల ఘనత

పంపుల గదిలో పాత యూనిక్స్ ల్యాప్‌టాప్‌తో మరిది మూడు రోజులుగా కుస్తీ పడుతున్నాడు. గదికి ఇన్‌ఛార్జి అయిన వదినకు ఒళ్లు మండిపోతోంది.

“మధ్యాహ్నంలోగా నీటిమట్టం లెక్క ఆఫీసుకి పంపకపోతే ఇద్దరి ఉద్యోగాలూ ఊడతాయి. నెట్‌వర్క్ కార్డు పలికిందా?”

“కార్డే చెత్త, వదినా! సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌నే, కార్డును గుర్తుపట్టేలా నాలుగుసార్లు కొత్తగా తయారుచేశా. నీకర్థం కాదులే.”

“చేశాక ల్యాప్‌టాప్ ఆపి, మళ్లీ వేశావా?”

“ఆపడమా! మూడొందల రోజులుగా ఆగకుండా నడుస్తోంది. అదంతా నా చలవే!”

“మరి ఇప్పుడు నడుస్తున్నది ఏ కెర్నల్?”

“పాతదే. ఆపి వేస్తేగానీ కొత్తది ఎక్కదు.”

“ఆడలేక మద్దెల ఓడన్నాట్ట! లే అవతలికి.”

ఆమె దాన్ని ఆపి, మళ్లీ వేసింది. కార్డు దొరికిందన్నట్టు ల్యాప్‌టాప్ రెండుసార్లు కీచుమంది.

“లెక్కపెట్టుకో నాయనా. ఇవాళ ఒకటో రోజు.”