కండ్లు దిద్దని సిపాయి

ధూల్‌పేటలో సక్కుబాయి వినాయకుల అచ్చులు పక్కనబెట్టి, ఎన్నికల సభలో తగలబెట్టడానికి పార్టీవాళ్లు చెప్పిన పరాయిదేశపు సిపాయి బొమ్మను గడ్డితో, కాగితపు గుజ్జుతో చేసింది. గల్లీ కార్యకర్త వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“అయిందా అక్కా? సాయంత్రమే మీటింగ్.”

“కండ్లు దిద్దాలె. ఏ బొమ్మకైనా ఆఖర్న దిద్దుడే మా రివాజు. ఆ దేశంతోని రాజీ మాటలు నడుస్తున్నయని టీవీల చెప్పిన్రు గద తమ్మీ?”

“రాజీతోని ఓట్లు పడ్తయా? పోలింగ్ దాంక గరంగనే ఉండాలె. మా లీడర్ మైకుల లడాయి అంటడు, మేం బొమ్మకు అంటుపెడ్తం.”

“లడాయైతే ముందుండేది మా తమ్ముడు బలరామే. వాని డ్యూటీ బార్డర్లనే.”

“వానికేం కాదు, ఫికర్ చెయ్యకు.”

అతను బొమ్మ మీది గోనె లాగి, ఒక్కడుగు వెనక్కి వేశాడు.

“ఇదేందక్కా? అచ్చం బలరాం మొహమే!”

సక్కుబాయి కూడా అప్పుడే చూసినట్టు చూసింది.

“సిపాయి అనుకుంట చేసిన. నా చేతులకు ఎరుకైన సిపాయి వాడొక్కడే.”

“మార్చు. జల్ది మార్చు.”

ఆమె నల్లరంగులో కుంచె ముంచి అతని చేతికిచ్చింది.

“కండ్లు నువ్వే దిద్దు తమ్మీ. వాడు నీ దిక్కు చూసినంక అంటుపెట్టు.”