పగుళ్లు లేని గోడ

మున్సిపల్ ఆఫీసు వరండాలోకి రమ్మని, అక్కడే గుమాస్తాగా పనిచేసే అక్క కబురు పెట్టింది. నాటకాలకు తెరలు చిత్రించే తమ్ముడు రాగానే, చేతిలో కాగితం చదివి వినిపించింది.

"మళ్లీ చదువక్కా."

"ఎన్నిసార్లు చదివినా అదే కదరా. బాండ్లమ్మి సర్కారు తెచ్చిన సొమ్ములో మన ఆరుబయట రంగస్థలానికి పైసా లేదు. మొన్న చూసెళ్లిన ఆఫీసర్లు రాశారు, ఉన్న వేదిక బాగానే ఉందట. వెనకగోడ చెక్కుచెదరలేదట."

"చెక్కుచెదరలేదని రాశారా?"

"నా చెయ్యి దూరేంత పగులుంది ఆ గోడకి. ఏమైంది దానికి?"

"నాకేం తెలుసు."

"తెలుసు. చెప్పు."

"నలుగురు వస్తున్నారంటే ఇల్లు సర్దుకోమా?"

"ఏం సర్దావు?"

"గోడ నిండా తెర కట్టా. తెర మీద గోడే వేశా. రాయికి రాయి, పగులు లేకుండా."

"ఒరేయ్, ఆ పగుళ్లు చూపించి డబ్బడగడానికే కదరా వాళ్లను పిలిచింది."

"బోసిగోడ ముందు మనం ఏనాడైనా ఆడామా? చేతులు ఊరుకోలేదు. వాళ్లేమో పదడుగుల దూరంలో నిలబడి, గోడ బాగుందనేశారు."

"అప్పుడైనా చెప్పొద్దూ."

"నువ్వు జీపు దగ్గరే ఉండిపోయావు, నీకు తెలీదు. చెబుదామనే నోరు తెరిచా. ముప్పయ్యేళ్లు, అక్కా. ఆడినవాళ్లకి చప్పట్లు, పాడినవాళ్లకి ఈలలు. నా తెరని ఒకడు నిజమనుకోవడం అదే మొదలు. చెప్పకుండానే వాళ్ల వెంట జీపు దాకా నడిచేశా."

"రేపట్నుంచి ఆ గోడ కిందే పిల్లల రిహార్సల్సు."

"అందుకే కంటి మీద కునుకు లేదు. ఇంకే దారీ లేదా?"

"సాయంత్రం ఐదింటిలోపల మళ్లీ అర్జీ పెట్టొచ్చు. జరిగింది జరిగినట్టు రాయాలి. ఇవాళ దాటితే ఇంక మన తరంలో కాదు."

"మరి రాయవేం? తెరల మేస్త్రీ మోసం చేశాడని రాయి. ఇంక నన్నెవరూ పనికి పిలవరు, పిలవకపోతే మానె. పెన్నివ్వు, సంతకం పెడతా."

"ఉండు."

"ఏం ఉండు? నాలుగున్నరయింది."

"నీ ఒక్కడి సంతకం చాలదురా."

"ఎందుకు చాలదు? చేసింది నేనేగా."

"ఇందాకట్నుంచీ నిన్ను నిలదీస్తున్నా, నా సంగతి నోట రాక. ఇది రాస్తే నా ఉద్యోగం ఉండదు."

"నీ ఉద్యోగానికేమైంది?"

"మీరంతా జీపు వైపు నడిచాక, ఆ పెద్దాఫీసరు అనుమానం తీరక ఒక్కడే వెనక్కెళ్లాడు. నేనూ వెళ్లా, దగ్గరికెళ్లగానే అది నీ తెరేనని తెలిసిపోయింది. గోడ తట్టి చూస్తానని చెయ్యి చాపాడు. అటు చూస్తే నువ్వు నవ్వుతున్నావు. అమ్మ పోయాక నీ మొహంలో ఆ నవ్వు నేను చూళ్లేదురా. 'ముట్టుకోకండి సార్, సున్నం అంటుతుంది' అని ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది నేనే."