రైలుకట్ట మీద పారేసిన బొగ్గు

ఆ పాత రైలుగేటు దగ్గర చింతచెట్టు ఉంది చూశారూ, పక్కన పాడుబడ్డ నుయ్యి, దాని సంగతి చెప్పమని కదా మీ గోల. చెబుతాను గానీ చేతులు ఆపకండి, వేరుశనగ కాయలు వలుస్తూ వినండి. ఒసే సత్తెమ్మా, వలిచినవి వలిచినట్టు నోట్లో వేసుకుంటుంటే రేపు విత్తనానికి ఏం మిగులుతాయే?

ఇప్పుడంటే పట్టాలు పీకేశారు, ఉత్త కట్ట మిగిలింది, పగటిపూట సైకిళ్ళు పోతున్నాయి గానీ, ఆ కట్ట ఊరికే లేచిందనుకున్నారా? మా అమ్మ చిన్నతనంలో కంకర మోయడానికి ఎక్కడెక్కడి నుంచో కూలీలొచ్చారట, వాళ్ళలో ఎర్రమ్మని ఒక పచ్చి బాలింత, బిడ్డని ఆ చింతకొమ్మకి పాతచీర ఉయ్యాల కట్టి అందులో వేసి తట్ట మోసేదట. పిల్ల గుక్కపెట్టి ఏడుస్తుంటే మేస్త్రీ కదలనిచ్చేవాడు కాదట, కదలనిచ్చినా ఏం లాభం, తిండి లేని ఒంట్లో పాలెక్కడివి? ఒకరోజు సాయంత్రం ఉయ్యాల దగ్గరికి పోతే ఏడుపు లేదు, పిల్లకి ప్రాణమూ లేదు. ఎర్రమ్మ ఆ నూతిలో దూకేసింది. అప్పట్నించీ దీపాలవేళ ఆ చెట్టు కింద పసిబిడ్డ ఏడుపు వినిపిస్తుందని, ఆ వేళకి ఆ పక్కకి గొడ్లని కూడా తోలరు మనవాళ్ళు.

ఇక దాలినాయుడు. మన పెంటమ్మ కొడుకే, ఆ మూలింటి వాడు. పెళ్ళాం గున్నమ్మ పుట్టింట్లో పురుడు పోసుకుంది, ఆడపిల్ల, ముద్దుగా ఉంది, అంతా బాగానే ఉంది గానీ తల్లికి పాలు పడలేదు. పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోయిందని కబురొచ్చింది. పెంటమ్మ ఊరుకుంటుందా? రేవుకి పోయి పాలసొర చేప తెచ్చి, ఉడికించి, ముళ్ళు తీసి, వెల్లుల్లి దట్టంగా వేసి పొడిపొడిగా పుట్టు వండింది. బాలింతకి పాలు పడాలంటే సొరపుట్టుని మించింది ఏముంది చెప్పండి? స్టీలు డబ్బాలో పెట్టి, పైన విస్తరాకు ముక్క పరిచి, దాని మీద ఒక బొగ్గు పెట్టి మూత బిగించింది. నీచుకూర ఊరు దాటితే బొగ్గు లేకుండా దాటుతుందా, ఆ వాసనకి గాలీ ధూళీ వెంటపడవూ? తారు రోడ్డునే పో నాయనా, చుట్టయినా ఫర్వాలేదు అని మరీమరీ చెప్పింది.

వాడు విన్నాడా? రోడ్డున పోతే చీకటి పడుతుంది, పుట్టు చల్లారిపోతుంది, పిల్ల ఏడుస్తూ ఉంటుంది, వాడి బాధ వాడిది పాపం. డబ్బాని సైకిలు వెనక తాడుతో కట్టి రైలుకట్ట ఎక్కేశాడు. కంకర మీద సైకిలు దడదడలాడుతుంటే డబ్బాలో బొగ్గు టకటకమని కొట్టుకుంటోంది, ఆ చప్పుడుకి వాడికి బావమరిది గుర్తొచ్చాడు. అంతకుముందోసారి కోడికూర పట్టుకెళ్ళినప్పుడు ఆ కుర్రాడు మూత తీసి, బొగ్గుని రెండు వేళ్ళతో పైకెత్తి, మీ ఊళ్ళో మసాలా ఇదేనా బావా అన్నాడట, ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వారట, గున్నమ్మ తల దించుకుందట. అత్తారింట్లో మగవాడికి ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో మీకు నేను చెప్పాలా? ఈసారి ఊరి పొలిమేరలో తీసి పారేద్దాం అనుకున్నాడు.

పొలిమేర దాకా పోనిస్తేగా! సరిగ్గా ఆ గేటు దగ్గర, చెట్టు కిందే చైను ఊడింది. పొద్దు వాలుతోంది. చైను ఎక్కిస్తుంటే ఏడుపు వినపడింది. సన్నగా, గొంతు బొంగురుపోయిన ఏడుపు. వాడికి భయం కన్నా ముందు తన పిల్లే కళ్ళముందు మెదిలింది. ఇంక ఎక్కడా ఆగకూడదు, బొగ్గేదో ఇక్కడే పారేసి ఒకటే తొక్కుడు తొక్కేయాలి అనుకున్నాడు వెర్రివెధవ. ఆ చెట్టు కింద మూత తీసి, బొగ్గుని నూతిలోకి విసిరాడు. అది నీళ్ళలో పడ్డ చప్పుడు మాత్రం రాలేదట.

సైకిలెక్కాడు. తొక్కుతుంటే బరువు. మనిషిని ఎక్కించుకున్నట్టు వెనక చక్రం కంకరలో దిగబడుతోంది, లేచి నిలబడి తొక్కుతున్నాడు, చెమటలు కారిపోతున్నాయి, వెనక్కి మాత్రం చూడలేదు. ఏడుపు వీపు మీదికొచ్చింది. తర్వాత చప్పున ఆగిపోయింది. గుటకలు వేస్తున్న చప్పుడు, పసిపిల్లలు పాలు తాగేటప్పుడు వేస్తారే, ఆ గుటకలు వినపడ్డాయి. కాసేపటికి సైకిలు తేలికైపోయింది. చెయ్యి వెనక్కి పెట్టి తడిమితే డబ్బా ఉంది, వెచ్చగానే ఉంది. హమ్మయ్య, ఏడుపు ఆగింది అని సంతోషించాడు కూడా. ఆ మాట చెప్పుకునే ఇప్పటికీ నెత్తి కొట్టుకుంటాడు.

అత్తారింటికెళ్ళి మూత తీస్తే పుట్టు నిండుగా ఉంది, మెతుకంత తగ్గలేదు. బావమరిది నవ్వలేదు, బొగ్గు లేదుగా. గున్నమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని, అత్త ఉప్పు మరిచిందా అంది. వాళ్ళమ్మ రుచి చూస్తే ఉప్పూ లేదు, కారమూ లేదు, రంపపుపొట్టు నమిలినట్టుంది. సారం పోయి పిప్పి మిగిలింది. అయినా గున్నమ్మ పిల్ల కోసమని కళ్ళు మూసుకుని డబ్బా అంతా తినేసింది. తెల్లారేసరికి అంతవరకు వచ్చే నాలుగు చుక్కల పాలూ ఇంకిపోయాయి. మేకపాలు పట్టారు, డబ్బాపాలు పట్టారు, పిల్ల తాగినదంతా కక్కేసింది. ఆ నెల నిండకుండానే పోయింది.

కబురందుకుని పెంటమ్మ వచ్చింది. బిడ్డని ఒళ్ళో వేసుకుంది, ఏడవలేదు. మూలన బోర్లించిన డబ్బా వైపు చూసి, కొడుకు వైపు చూసి, బొగ్గేదిరా అని ఒక్కమాట అడిగింది.

ఇక్కడ మనవాళ్ళు మాత్రం పండగ చేసుకున్నారు. చెట్టు కింద ఏడుపు ఆగిపోయింది కదా, పీడ వదిలిందన్నారు, సైకిళ్ళు ధైర్యంగా కట్టెక్కాయి. ఎన్నాళ్ళు? గున్నమ్మ పిల్లని మట్టిచేశాక మళ్ళీ మొదలైంది, ఈసారి రెండు గొంతులు. రెండోది ఎవరిదో దాలినాయుడు విన్న వెంటనే పోల్చుకున్నాడు, సైకిలు అక్కడే వదిలేసి ఇంటికి నడిచొచ్చాడు. అదిగో, తుప్పు పట్టి ఇప్పటికీ గేటు దగ్గరే పడి ఉంది, దొంగలు కూడా ముట్టుకోలేదు.

అంచేత, పిల్లలూ, తారు రోడ్డు ఉంది, చుట్టయితే చుట్టయింది, అటు పొండి. బొగ్గు పెట్టుకున్నాం కదా అని మాత్రం కట్ట ఎక్కకండి. అప్పుడు ఒక ఆకలే, ఒక బొగ్గు సరిపోయేది. ఇప్పుడు ఎన్ని పెట్టాలో నాకైతే తెలీదు.