పేరుకు ముందు లేట్

తిరుపతిలో ఓ చిన్న వెబ్ డిజైన్ ఆఫీసు, 2006. బడి వాళ్ల తిట్లు విని ఫోను పెట్టేశాక, కొత్తగా చేరిన అమ్మాయి కుర్చీలో కుదురుగా కూర్చోలేక పక్క సీటులోని సీనియరును పిలిచింది.

“అన్నా, పాకాల బడి సైటులో కొంప మునిగింది! బడి పెట్టిన గురప్పగారు పోయినాడు గదా, ఆయన పేరుకు ముందర ‘లేట్’ అని చేర్చినాను. మనవడికీ చేరిపోయింది!”

“మనవడూ గురప్పేనా?”

“తాత పేరే పెట్టుకున్నారు. ‘రెండో తరగతిలో ఫస్టు, లేట్ గురప్ప’ అని ఉండాది. పిల్లోడి ఫోటో కూడా కనపడలా.”

“పేజీలో గురప్ప అని ఉండే ప్రతి చోటా మారేట్టు ఇన్నర్ హెచ్‌టీఎంఎల్ లైను రాసినావా? ఫోటో ఫైలుకూ గురప్ప పేరే గదా, దానికీ లేట్ అంటుకునింటాది. ముందు ఆ లైను పీకెయ్. పెద్దాయన పేరుండే చోటికి ఐడీ అని వేరే గుర్తు ఇచ్చి, దాంట్లో అక్షరాలు మాత్రమే మార్చు.”

“పీకేసినా. అన్ని చోట్లా పోయింది. ఇప్పుడు పెద్దాయనకు ఒక్కడికే పెడతా...”

ఫోను మళ్లీ మోగింది. వింటూ వింటూ ఆమె కీబోర్డు మీది నుంచి చెయ్యి తీసేసింది.

“మళ్లా తిట్టినారా?”

“లేదన్నా. గురప్పగారి భార్య. ఇప్పుడు సైటులో ఆయన పేరుకు ముందర కూడా ఆ మాట లేదు గదా, ఈ ఒక్క పూట అట్నే ఉండనీ పాపా అంటాంది.”