మా అక్క ఎక్స్‌రే చదువు

ఏంటమ్మాయ్, ఎక్స్‌రే కోర్సులో సీటొచ్చిందా? మంచిది, కూర్చో. మన ఇంట్లో ఆ చదువు మొదట చదివింది మా అక్క. నీకు నానమ్మ వరస, నువ్వు పుట్టకముందే పోయిందిలే. పెద్దాసుపత్రిలో ట్రైనింగు. పొద్దున అక్కడ నేర్చుకున్నదంతా సాయంత్రం నా మీదే. భోజనాల బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, మెడ ఇటు తిప్పి, భుజం అటు నొక్కి, ‘ఊపిరి పీల్చు, బిగబట్టు’ అనేది. ఓసారి బిగబట్టమని చెప్పి, పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పోయింది. నేను బిగబట్టుకునే ఉన్నా. మా అమ్మొచ్చి, ‘వీడేంటే వంకాయ రంగులోకి తిరిగాడు’ అంది. అక్కేమో, ‘కదల్లేదు, మంచి పేషెంటు’ అంది. నవ్వకు, నిజమే.

ఆఁ, ఏం చెప్తున్నా? మా నాన్న దగ్గు. అక్క రోజూ కసిరేది, ఆ సిగరెట్లు పారెయ్, ఆసుపత్రికి రా అని. ఆయన రేపు మాపు అంటూ చివరికెప్పుడో వెళ్ళాడు. వెళ్ళి, మా అమ్మాయే తియ్యాలని పట్టుబట్టాడు. ట్రైనింగు వాళ్ళని ఒంటరిగా తియ్యనివ్వరుగా, వాళ్ళ సార్ పక్కనే నిలబడ్డాడు. అప్పట్లో చీకటిగదిలో మందునీళ్ళలో కడిగితేగానీ ఫిల్ము మీద బొమ్మ వచ్చేది కాదు. ఆ ఎర్రదీపం కింద ఇద్దరూ చూశారు. ఊపిరితిత్తిలో ఇంత మచ్చ. ఇది చెప్పాల్సింది డాక్టరు, మనం నోరు విప్పకూడదు, నాన్నయినా సరే అన్నాడట సార్. అక్క తలూపింది. ఇదంతా తర్వాతెప్పుడో తనే చెప్పింది నాకు.

డాక్టరేమో ఊళ్ళో లేడు, సోమవారం రమ్మన్నారు. ఇంటికొచ్చాక నాన్న అడిగాడు, ‘ఏం కనపడిందే?’ అని. ‘డాక్టరుగారు చెప్తారు నాన్నా’ అని, మంచం పక్కన మంచినీళ్ళు పెట్టి వెళ్ళిపోయింది. నాన్న నాతో మెల్లగా అన్నాడు. ‘దాని ఎదురుగానే సిగరెట్టు కాల్చానురా. ఒక్క మాట అనలేదు. నా పనైపోయింది.’

సోమవారం డాక్టరూ అదే చెప్పాడు, ఇంకాస్త పొడుగ్గా. వానలు తగ్గకముందే నాన్న పోయాడు. అక్క ఇక ఆ గదిలోకి అడుగు పెట్టదనుకున్నాం. పెట్టింది. పరీక్ష రాసింది, పాసయింది, రిటైరయ్యేదాకా అదే పని. ఆవిడ మీదొచ్చినన్ని ఫిర్యాదులు ఆ ఆసుపత్రిలో ఇంకెవరి మీదా రాలేదు. వేలు నలిగినవాణ్ణీ కసిరేది, ఊపిరాడనివాణ్ణీ కసిరేది. పడుకోబెట్టేటప్పుడూ, ఫిల్ము కడిగొచ్చాకా అదే గొంతు. కాస్త మెత్తగా మాట్లాడొచ్చుగా అక్కా అన్నాను ఓసారి.

‘నేను మెత్తబడితే వాళ్ళకి తెలిసిపోతుందిరా’ అంది.

...ఆ కిటికీ వేసెయ్యమ్మా, దుమ్మొస్తోంది.